ఎండపెట్టెకు సున్నం

హలో… హలో… ఆఁ, మెదకే. నేనే, ఎలిశిబానే మాట్లాడుతున్న.

ఆఁ… ఇనవడుతుంది. జర గట్టిగ మాట్లాడుండ్రి, లోపట గాలి కొట్టినట్టు సప్పుడొస్తుంది…

లేదు, లేదు, జరమేం లేదు. ఉరికి వచ్చిన, గందుకే దమ్ము. గోదావరమ్మ మనిషిని పంపింది, మీ ఆయన పట్నం నుంచి ట్రంక్ కాల్ చేసిండు, జల్ది రా అని. చేతిల పని చేతిలనే ఇడిచిపెట్టి వచ్చిన…

ఏం పనంటే… ఏదో పని. తోముతున్న.

ఆఁ, ఇక్కడనే ఉన్నది గోదావరమ్మ. నా పక్కకే, కుర్సీల కూసున్నది. … అమ్మా, మీకు వందనాలు చెప్తుండ్రు. … ఆమె గూడ మిమ్ముల అడిగినట్టు చెప్పమంటుంది. పట్నంల అన్నం సరిగ తింటుండా లేదా అంటుంది.

మీరు యాడికెల్లి చేస్తుండ్రు? … సార్ ఆఫీసుల కెల్లా? … సుధాకర్ సారే చేసుకొమ్మన్నడా? … మంచిది. మంచి మనిషే…

రేపా?

…రేపే వస్తుండా?

లేదు, సంతోషమే. సంతోషం కాకుంట ఎందుకుంటది? మీరు పట్నం పోయిందే సార్‌ను పిలుచుకొద్దామని గద. … ఆఁ… కారుల… పొద్దుగాల బయలెల్తే పగటియాళ్లకు ఇక్కడ ఉంటరు… ఊఁ… కారు దిగంగనే సీద మిద్దె ఎక్కి, తన చెయ్యి పెట్టి చూస్తనన్నడా? … నీళ్లు చెయ్యి కాలేటట్టు ఉంటే నౌకరి ఖాయం అన్నడా? ఆ మాటే అన్నడా? … వాళ్ల కార్ఖానలనే? … ఎండతోటి నీళ్లు కాచే ఎండపెట్టెలు చేసే కాడనే? … మిస్త్రీగనా!

…

ఏమండీ… ఎల్లుండి రాకూడదా సార్?

…ఢిల్లీకి పోతుండా. … మల్ల ఎప్పుడొస్తడో తెలువదా.

లేదు, ఊకనే అడిగిన. ఇల్లది సర్దుకోవాలె గద, గంతే.

ఆఁ అమ్మా, చెప్తున్న, చెప్తున్న. … గోదావరమ్మ ఒక మాట చెప్పమంటుంది. మనకు ఇల్లంత సున్నం ఏయించింది. … ఆఁ, మీరు బస్సెక్కి పోయిన తెల్లారే. మీరు కిరాయికున్నా గని ఇల్లు నాది, మీ క్రిస్మసుకు నా ఇల్లు తెల్లగ మెరవాలె, అని ఎల్లంను పంపింది. లోపట, బయట, వాకిట్ల గోడ, మిద్దె… అంత. … ఎల్లం మస్తు మంచిగ ఏసిండు. ఏ మూల ఇడిచిపెట్టలే.

…ఏ మూలా ఇడిచిపెట్టలే.

అమ్మా, మస్తు సంతోషమైందట. కన్నతల్లి చూసుకున్నట్టు చూస్తరు మమ్ముల అంటుండ్రు. … నవ్వుతుంది ఆమె. ఏం తల్లో, నీ మొగనికి మాటలు మస్తు వస్తయి అంటుంది.

పెట్టెనా?

…ఆఁ, ఎండపెట్టె… ఉన్నది. మిద్దె మీదనే ఉన్నది. యాడికి పోతది? … లేదు, అద్దం పగులలే. అద్దం మంచిగనే ఉన్నది, తళతళ మెరుస్తుంది. … పైపులు గూడ కారుతలేవు. … నీళ్లా? … నీళ్లు ఉన్నయి. నిండుగ ఉన్నయి.

మీరు చెప్పుండ్రి. సార్ ఏమన్నడు మీ పని చూడకుండనే? … పట్నం నుమాయిష్‌ల ఒక్కసారి చూసి చేసిండా అని పరేషాన్ అయిండా? … వరి ఊక సంగతి చెప్పిండ్రా? పెట్టె సుట్టు వేడి పోకుండ మిల్లు ఊక కూరినం అని? … మెచ్చుకున్నడా! … మరి, బడి పాత కిటికీ అద్దమని చెప్పిండ్రా? … గది చెప్పలేదా. చెప్తే ఏమైతుండె…

ఆఁ, ఇంటున్న.

…ఇగ బొగ్గు బాయిలకు దిగనంటరా?

గట్ల ఇప్పుడే అనకుండ్రి. … కాదు, నాకు తెలువదా? బొగ్గు బాయిల పని గురించి మీరు చెప్తుంటే ఇన్నది నేనే గద. పొద్దు పొడువక ముందే దిగుడు, పొద్దు గూకినంక ఎక్కుడు. చలికాలమంత ఐతారం ఒక్కనాడే ఎండ చూస్తుంటి అని… సెలవు మీద వచ్చిన నాడు మీరు మిద్దె ఎక్కి దిగలేదు, యాదికున్నదా? అన్నం మీదికే తెచ్చి పెట్టిన. గా నాటి సంది గదే మీకు. ఎండ, ఎండ, ఎండ.

మా మోషే అన్న వచ్చిండు మొన్న, కొత్తగూడెం నుంచి. … ఆఁ, అడిగిండు. పండుగ ఎల్లంగనే డ్యూటీల చేరకుంటే మీ పేరు తీసేస్తరట. బావను తోలుకొని పోనీకె వచ్చిన, పండుగ తెల్లారే పోదం అన్నడు. … నేనేం చెప్పలే. పట్నం నుంచి సార్ వస్తడు, చూద్దం అన్న.

…ఆఁ అమ్మా, పోయి రాండ్రి. నేను మాట్లాడుత. … లేదు, దీన్ని గట్టిగనే పట్టుకున్న, కింద పడెయ్య.

…

ఏమండీ. మిల్లు కాడికెల్లి ఎవరో పిలిచిండ్రు, ఆమె వాకిట్లకు పోయింది. ఇప్పుడు ఇనుండ్రి. సార్ అక్కడనే ఉన్నడా? … ముంగటనే కూసున్నడా? అయితే మీరేం మాట్లాడకుండ్రి. ఆఁ, ఊఁ అనుండ్రి, గంతే. మొఖం మార్చకుండ్రి.

ఎల్లం పెట్టె లోపట గూడ సున్నం ఏసిండు.

…హలో? … ఉన్నరా?

ఊఁ అనుండ్రి. సార్ చూస్తడు.

అద్దం పగులుతదని లేపి పక్కకు పెట్టిండు. లోపట రేకు, పైపులు, అంత నల్లగ మసి. పండుగ ఇంట్ల గింత మసి ఏందని రెండుసార్లు పూసిండు. పైపుల కింద గూడ, కుంచె పెట్టి, ఓపికగ. మల్ల అద్దం కడిగి, తుడిచి, ఎట్లుండెనో గట్ల పెట్టిండు.

…నేను గుడి కాడ ఉంటి. ఆడోళ్లందరం బెంచీలు కడుగుతుంటిమి. నేను వచ్చేసరికి ఎల్లం మిద్దె కింద నిలబడి నవ్వుతుండు. అక్కా, మీద ఎక్కి చూడు, పావురాల గూడు గూడ తెల్లగ చేసిన అన్నడు. … ఆఁ, పావురాల గూడు అనుకున్నడు. … ఏమనాలె అతన్ని? పైసల కోసం చేసిన పనేనా అది? మనసు పెట్టి చేసిండు.

గోదావరమ్మకా? … ఎట్ల చెప్పాలె? మీరే చెప్పుండ్రి. ఆ పెట్టెలకు ఊక ఇచ్చింది ఆమెనే. ఇంట్ల ఏం వండినా మనకింత పంపుతది. వచ్చినోళ్లకు పోయినోళ్లకు చెప్పుకుంటుంది, మా ఎలిశిబా పండుగకు సున్నం ఏయించిన అని. ఆమె మొఖం మీద, నీ సున్నం తోటి మా బతుకు చెడిందమ్మా అని చెప్పాలెనా? నా వశం కాలే.

…

నిన్నటి సంది గీకుతున్న. … తడిగుడ్డ పెట్టి. … ఆఁ, నీళ్లతోటే. … నాకేం తెలుసు? సున్నం పోతదనుకున్న. సున్నం పోయింది, దాని ఎంబడి మసి గూడ పోయింది. తుమ్మబంకల కలిపి పూసిన మసి గద, నీళ్లు తగలంగనే నానింది. మిద్దె మీది కెల్లి నల్లటి నీళ్లు కారి కొత్త గోడంత చారలు. గవి గోదావరమ్మకు కనవడకుండ మల్ల నేనే గోడకు సున్నం పూసిన.

…ఊఁ. మీరు అనేది సమజైంది. తుడువకుండ అడగాల్సుండె. ఎవరిని అడగాలె? మీరు పట్నంల ఉంటిరి.

ఇప్పుడు ఉత్త రేకు ఉన్నది. కొంత తెలుపు, కొంత రేకు. ఎండ మస్తు కొడుతుంది, పడ్డది పడ్డట్టు ఎల్లిపోతుంది. నీళ్లు కుండల నీళ్ల తీరు సల్లగున్నయి.

మసి? … తిరిగిన. ఎండకాలంల మీరు ఇంటింటికి తిరిగి తెచ్చిండ్రు గద, నేను గూడ తిరిగిన. దానమ్మక్క ఇంటికి పోతే గిన్నెలన్ని తోమి బోర్లించింది, మొఖం చూసుకోవచ్చు. యేసమ్మ పిన్ని పొయ్యి అలికి ఎర్రమన్ను పూసింది. పండుగ వారం గద. మన వాడల ఒక్క గిన్నె అడుగుకు మసి లేదు. … ఏమన్నదో ఎరుకనా దానమ్మక్క? పండుగ ముంగట మా ఇంట్ల మసి ఎతుకుతున్నవు, పాదిరమ్మ ఏమన్న పరీక్ష పెట్టి పంపిందా అన్నది. అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన. ఏం చెయ్యాలె?

పెంటమ్మ ఇంట్ల దొరికింది. వాళ్లకు పండుగ లేదు గద. రొట్టెల పెంక గీకి ఇచ్చింది, పిడికెడు. ఒక మూలకు గూడ సాలలే.

…దీపం మసి పడుదామంటే కిరసనాయిలు ఏది? దుకాణంల ఈ వారం రానే రాలే.

రంగు? … అడిగిన. నల్లబోర్డుల రంగు ఒక్కటే ఉంటది, అది గూడ అయిపోయిందట, తూప్రాన్ నుంచి రావాలెనట. … మీరు తెస్తరా? తెస్తే ఏమైతది? మీరు సార్ తోటి కారు దిగినంక పుయ్యాలె. ఎండాలె. నీళ్లు నింపాలె. పొద్దుగాల నింపితే గద పగటియాళ్లకు కాగేది? … ఈ చలిల రంగు ఎప్పుడెండుతది, నీళ్లు ఎప్పుడు కాగుతయి? అప్పటిదాక సార్ మిద్దె మీద నిలబడుతడా?

గొంగడి గూడ ఏసి చూసిన. … ఎల్లం గొంగడే, అడుక్కొచ్చిన. నల్లగుంటది గద, ఎండ గుంజుకుంటదని పైపుల మీద పరిచి అద్దం మూసిన. … గొంగడి కాగింది. నీళ్లు గట్లనే ఉన్నయి.

…నవ్వుతుండ్రా?

…

మరి ఏం సప్పుడది?

…

ఏమండీ, ఊకోండ్రి. సార్ ఏమనుకుంటడు… బయటికి పోయిండా? … ఎవరో పిలిస్తే పోయిండా? … చెప్పుండ్రి, జల్ది చెప్పుండ్రి.

…

పొయ్యి మీదనా?

…పొయ్యి మీద కాచి… పెట్టెల పొయ్యాలెనా?

మీరేనా గీ మాట అంటుంది?

లేదు. కోపం కాదు. … నాకు గూడ గదే తోచింది. మీకు చెప్పనీకె సిగ్గైంది నాకు. … ఊఁ. … గోలెం నిండ కాచి, కారు సప్పుడు ఇనవడక ముందే బకెట్లతోటి మిద్దె మీదికి మోస్త. … మోస్త, నా వశమైతది. … మరి లోపట తెల్లగున్నది చూడడా? … అద్దం మీద చీర కప్పి పెట్టాలెనా? దుమ్ము పడకుండ కప్పినం అని చెప్తరా? … కింద గొట్టం కాడనే చెయ్యి పెట్టి చూస్తడు, మూత తియ్యనియ్య, అంటరా. ఊఁ.

సరే.

సరే అంటున్న గద. మీరు బాయిలకు దిగకుంటే సాలు నాకు. నా పెండ్లి చీరనే కప్పుత. … అవును, మసి పూస్తే నిజంగనే కాగుతయి. ఎన్నడు కాగలేదు గనుక? రేపు ఒక్కనాడు మనం కాస్తం, గంతే. … గట్లనే అనుకుందం. పాపమేం కాదు. … మీరు గట్ల అనకుండ్రి, నాకు బుగులైతది.

కట్టెలా? … ఉన్నయి. తక్కువ పడితే ఎవరినన్న అడు—

ఆఁ? … సార్ వచ్చిండా? … నాతోటా? ఎందుకు? … వద్దు, ఏమండీ, నాకు రాదు, పెద్దోళ్లతోటి నేనేం మాట్లాడుత—

…వందనం సార్.

ఆఁ సార్, ఎలిశిబానే. … బాగున్న సార్. … ఆయన మీ మాటనే చెప్తుండ్రు సార్.

…ఆఁ, నింపేది నేనే సార్. పొద్దుగాల నింపుత. … పగటియాళ్ల అన్నాలు తిన్నంక ఇడుస్త. … లేదు సార్, గట్లనే పోసుకోనీకె రాదు. సల్లటివి కలపాలె.

…మా ఇంట్లకే కాదు సార్. పక్కింట్ల బాలలక్ష్మి అని ఉన్నది, కాన్పైంది. ఆమెకు, పసిదానికి ఇవే నీళ్లు. వాళ్ల ఇంట్ల కట్టెలకు మస్తు తక్లీబు సార్. ఆయన పాపన్నపేట దిక్కు కూలికి పోతడు, మాపటికి గని రాడు. ఈమె బిడ్డను ఎత్తుకొని మా తలుపు కాడికొస్తది. అక్కా, ఎండ నీళ్లున్నయా, అని. … ఆఁ సార్, గట్లనే అంటరు ఇక్కడ. ఎండ నీళ్లు.

…వద్దు సార్, అంత మాటెందుకు.

…

నిన్న గూడ వచ్చిందా అంటరా సార్?

…

నిన్న గూడ వచ్చింది సార్. బిడ్డను ఎత్తుకొని.

…

సార్, ఇంటుండ్రా? … నిన్న ఇయ్యలే సార్. లేవు. … ఎండ ఉండె సార్. ఎండ మంచిగనే ఉన్నది. నీళ్లు కాగలే. … ఇయ్యాల గూడ కాగలే.

లేదు సార్! ఆయన చేసింది మంచిగనే ఉన్నది. పెట్టెల ఏం లోపం లేదు. లోపట సున్నం పడ్డది. మసంత పోయింది. … ఎవరంటే… ఏం చెప్పాలె సార్. పండుగ వస్తుంది. అంత తెల్లగ చేసుకున్నం.

…రేపు మీరు వచ్చేసరికి కాగవు సార్. … లేదు, ఏం చేసినా కాగవు.

ఒకవేళ ఏడిగ ఉన్నా… నమ్మకుండ్రి సార్.

…

ఆయనకు తెలువదు సార్! ఇప్పుడే చెప్పిన, ఇప్పుడే ఫోన్ల. మీ ముంగట ఊఁ ఊఁ అంటుండె చూడుండ్రి, గప్పుడే. ఆయన అసుంటి మనిషి కాదు.

…ఎండకాలంల వచ్చి చూస్తరా?

సార్, ఎండకాలంల ఏడినీళ్లు ఎవ్వలకు కావాలె? … ఆఁ, మీకు చూసుడే ముఖ్యం, సమజైంది. అప్పుడు కాగుతయి సార్, మస్తు కాగుతయి. గని అప్పటికి ఆయన ఇక్కడ ఉండరు. … కొత్తగూడెం. … బొగ్గు బాయిల సార్. … పండుగ తెల్లారే.

…అవును సార్. మీరు మాత్రం ఏం చేస్తరు. చూడకుండ ఎట్ల రాస్తరు, మీ మీద గూడ పెద్దోళ్లు ఉంటరు గద. … ఏం లేదు సార్. … ఆయనకు ఇయ్యుండ్రి.

…

ఏమండీ.

…ఉన్నరా?

ఏదన్న అనుండ్రి. తిట్టుండ్రి. … సార్ ఉన్నడని ఊకున్నరా?

అబద్ధం ఆడుదామనే చూసిన. నోట్లకు వచ్చింది గూడ. బాలలక్ష్మి మాట అడగకుంటే ఆడుతుంటినేమో… ఆమె బిడ్డను పట్టుకొని ఎదురుంగ నిలబడ్డట్టు అయింది నాకు.

…

తిట్టుతలేరేంది?

…ఆఁ, ఇంటున్న. … ఎవరో నడుమ మాట్లాడుతుండ్రు. అమ్మా, ఒక్క మాట, ఒక్క మాట మాట్లాడి పెడతం… టైమైందంటుంది ఎక్స్చేంజి ఆమె. జల్ది చెప్పుండ్రి.

బూట్లా?

…ఏ బూట్లు?

…బాయి బూట్లా.

ఉన్నయి. వెనుక అర్రల, మంచం కింద ఉన్నయి. … గట్టిపడ్డయి, బూజు గూడ పట్టినట్టుంది. … ఆఁ, తుడుస్త. … నూనె రాస్త. … ఎండకు పెట్టాలెనా?

…

పెడత. మిద్దె మీద పెడత. మస్తు ఎండ ఉన్నది మిద్దె మీద.

పండుగకు ఉంటరు గద? … మా అన్నకు చెప్పుత, పండుగ దాక మాట ఎత్తొద్దని… హలో? … ఏమండీ… హలో…

…

అమ్మా, వచ్చిండ్రా. … లైను పోయింది. … ఆఁ, మాట్లాడినం. … వస్తుండ్రు, రేపు బస్సుకు. … లేదమ్మా, కారుల కాదు. ఒక్కరే వస్తుండ్రు.

…

ఈ ఫోను ఎటు మొఖం పెట్టి పెట్టాలె అమ్మా?